కొరియా జనరల్ వార్త

విజయనగరంలో ఆర్మీ సెలక్షన్లు జరిగిన రోజు, రాజాం బస్సులో నా పక్కన ఒక తండ్రీ కొడుకూ కూర్చున్నారు. పరుగులో పడి కొడుకు మోకాలు చీరుకుపోయింది. తండ్రి నా చేతిలోని పేపరు అడిగి తీసుకుని, వాడి ఒళ్లో పడేశాడు.

"గట్టిగా సదువు. బస్సంతా ఇనబడాల."

కొరియాలో ఒక చిన్న ఆఫీసరు జనరల్ స్థాయికి ఎదిగి, చివరికి రక్షణ మంత్రి అయిన వార్త అది. కుర్రాడు ఆగి ఆగి చదివాడు. ఆగినప్పుడల్లా తండ్రి ఆ దెబ్బ మీదే వేలితో పొడిచాడు. వెనక ఎవరో నవ్వారు.

"ఆడు మంత్రయ్యాడు. నువ్వేటయ్యావురా?"

"నీ కొడుకునయ్యాను. ఇంకేటవుతాను?"

తండ్రి లాగి చెంప మీద కొట్టాడు. కుర్రాడు ఏడవలేదు. దారి మధ్యలో చీపురుపల్లిలో ఒక్కడే దిగి, కుంటుకుంటూ వెళ్లిపోయాడు. తండ్రి సీట్లోంచి లేవలేదు.