బాపు మాలలో ఉన్న రోజులు

బాపు కాజీపేట లోకోషెడ్డులో ఫిట్టరు. డ్యూటీ దిగి సారా తాగి వచ్చాడంటే అమ్మకూ నాకూ వీపులు వాచేవి. ఎనభైల మొదట్లో ఒక కార్తీకంలో, షెడ్డులో తోటివాళ్లతో కలిసి అయ్యప్ప మాల వేసుకున్నాడు. ఆ రోజు నుంచి మా క్వార్టర్‌లో గొంతు లేవలేదు. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, నల్ల పంచె, చాప మీద పడక. ఆడవాళ్లందరినీ పిలిచినట్టే నన్నూ 'అమ్మా' అని పిలిచేవాడు. పిలిచిన ప్రతిసారీ ఉలిక్కిపడేదాన్ని.

నాకప్పుడు పన్నెండేళ్లు. నలభై ఒక్క రోజుల దీక్షలో సగం గడిచాక అమ్మకు ముట్టయి పక్క క్వార్టర్‌లో ఉండాల్సి వచ్చింది. వంట, దీపం నా పని. రెండో రోజు పొద్దున నా లంగా మీద నెత్తురు చూశాను. అదేమిటో తెలుసు. ఇంట్లో పిల్ల పెద్దమనిషైతే మైల, మాల తీసెయ్యాల్సిందేనని మాల వేసిన గురుస్వామి బాపుతో అంటుంటే విన్నాను. చెప్తే మాల పోతుంది, సారా వస్తుంది. చెప్పకపోతే దేవుడు ఊరుకోడు.

పాత చీరముక్క మడిచి పెట్టుకుని, స్నానం చేసి, బియ్యం కడిగాను. దీపం వెలిగిస్తుంటే రెండు అగ్గిపుల్లలు చేతిలోనే ఆరిపోయాయి. బాపు తిని, "మంచిగ చేసినవమ్మా" అన్నాడు. నేను ఆయన కంచం తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయాను.

ఇరుముడి మూట నెత్తికెత్తుకుని ఆయన అయ్యప్ప కొండకు రైలెక్కిన రోజు నేను ప్లాట్‌ఫారం మీద దూరంగా నిలబడ్డాను. ఇక ఇంటి ముందు సైకిల్ బెల్లు మోగితే చాలు, టెలిగ్రామేమో, కొండదారిలో బస్సు లోయలో పడిందేమో అని గుండె జారిపోయేది. అన్నం సయించలేదు. నాలుగో రోజు అమ్మ ముందు కూర్చుని అంతా చెప్పి ఏడ్చాను.

అమ్మ చిక్కుడుకాయలు తుంచుతూనే ఉంది. "నాకు ఎరుకే. నువ్వు పిండిన గుడ్డకు మరక పోలే. నేనే మల్ల ఉతికిన," అంది. ఇంకో కాయ అందుకుని, "ఎవ్వలకు చెప్పకు. మాల తీసినాంక పెద్దమనిషి అయినవని చెప్పుకుందాం," అంది. ఈనెలు వేసే చోట కాయలు వేసింది.

బాపు క్షేమంగా వచ్చాడు. ప్రసాదం మొదట నా చేతిలోనే పెట్టాడు. గుడికి వెళ్లి మాల తీశాడు. వారం రోజులు బాగానే ఉన్నాడు. ఎనిమిదో రోజు సాయంత్రం గేటు దగ్గర ఆయన తూలుతూ కనిపించగానే, అమ్మ నన్ను లోపలి అర్రలోకి నెట్టి బయట గొళ్లెం పెట్టింది.

మరుసటి ఏడు ఆయన మాల మాట ఎత్తకముందే అమ్మ నల్లబట్ట కొనుక్కొచ్చింది. నేను ఆ దీక్ష రోజుల్లో నా నెల ఏ వారంలో వస్తుందో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను.