పిత్తాశయంలో మెలనోమా, నేను చూపించని తల

ఇందులో ప్రతి మాటా నిజమని మా ఆవిడ రాహేలు బైబిలు మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను. ఆమె బైబిలే ఎందుకంటే, నా బైబిలు మీద ఇప్పటికే చాలా ప్రమాణాలున్నాయి.

నేను గండికోటలో టూరిస్టులకు కోట చూపిస్తాను. లోయ అంచున నిలబడి, రాజుగారి గుర్రం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దూకిందని చెబుతాను. ఒకరోజు గుర్రం గాలిలో ఉండగానే నా కుడి డొక్కలో నొప్పి పట్టేసింది. అక్కడే బండ మీద కూలబడ్డాను.

"గుర్రం ఏమైందన్నా?" అని ఎవరో అడిగారు. ఆ రోజు అది అవతలి గట్టు చేరలేదు.

గ్యాస్ అనుకుని మాత్రలు మింగాను. అన్నం తిన్నప్పుడల్లా నొప్పి వస్తుంటే రాహేలు ప్రొద్దుటూరు తీసుకుపోయింది. స్కానింగ్ చూసిన సర్జన్, "రాళ్లు కాదప్పా. గాల్ బ్లాడర్‌లో పాలిప్ మాదిరి గడ్డ ఉండాది. తీసేసి బయాప్సీకి పంపుదాం" అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాకు పెళ్లినాటికే బట్టతల. విగ్గు పెట్టుకుంటానని రాహేలుకు తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆపరేషన్ రోజు నర్సు ఇచ్చిన టోపీని నేనే గబగబా లాక్కుని చెవుల దాకా దించుకున్నాను. పొట్ట కోసేవాళ్లకు తలతో పనేమిటనుకున్నాను.

బయాప్సీలో మెలనోమా అని వచ్చింది. సర్జన్ మమ్మల్ని కూర్చోబెట్టి, "ఇది మామూలుగా చర్మానికొచ్చే క్యాన్సర్. గాల్ బ్లాడర్‌లో కనపడిందంటే, ఎక్కువగా వేరే చోట పుట్టి ఈడికొచ్చి ఉంటాది. అది యాడ పుట్టిందో వెతకాల" అని కర్నూలు పంపించాడు.

కర్నూల్లో క్యాన్సర్ డాక్టరమ్మ స్లైడ్లు మళ్లీ పరీక్ష చేయించింది. మెలనోమానే. తర్వాత రాహేలును బయట కూర్చోమని నన్ను పరీక్షించారు. అరికాళ్లు, గోళ్లు, నోరు, కళ్ల లోపల, ఇంకా చెప్పుకోలేని చోట్లు. అన్నీ చూపించాను. "తల మీద పుట్టుమచ్చలేమైనా ఉన్నాయా?" అని అడిగింది. "లేవు మేడమ్" అన్నాను. ఆమె జుట్టు పాయలు తీయబోతే, మెడ నొప్పని తల పక్కకు తిప్పేశాను.

నడినెత్తిన ఒక నల్లమచ్చ ఉంది. విగ్గు గమ్ము మచ్చ అని రాహేలుకు చెప్పేవాణ్ణి. చెప్పీ చెప్పీ నేనూ నమ్మాను.

బయటికి రాగానే రాహేలు అడిగింది, "తల గూడా చూసినారా?"

"చూసినార్లే."

ఒళ్లంతా వెతికే పెట్ స్కాన్‌లోనూ వేరే చోట ఏమీ స్పష్టంగా కనపడలేదు. "గాల్ బ్లాడర్‌లోనే పుట్టి ఉండొచ్చు. అది చాలా అరుదు. కనపడలేదంటే లేదని కాదు. మళ్లీ మళ్లీ వచ్చి చూపించుకోండి" అంది డాక్టరమ్మ. నేను 'చాలా అరుదు' ఒక్కటే పట్టుకుని ఊరికొచ్చాను. దేశంలో ఇలాంటి పిత్తాశయం నాదొక్కటేనని, విదేశాల వాళ్లు సీసాలో పెట్టి అడిగారని టీకొట్టు దగ్గర చెప్పాను. చర్చిలో ఆడవాళ్లు నా కోసం ఉపవాసాలున్నారు. అయ్యగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయడానికొస్తే వంగి తప్పించుకుని ఆయన చెయ్యి భుజం మీదికి మళ్లించాను. అందరూ కళ్లు మూసుకుని ఏడుస్తున్నారు. నేను కళ్లు తెరిచి, విగ్గు జరిగిందేమోనని చూసుకుంటున్నాను.

కొన్ని నెలలకు చెవి వెనక గడ్డ తగిలింది. సూది పెట్టి పరీక్ష చేస్తే అందులోనూ మెలనోమా. ఈసారి రాహేలు కూడా లోపలికొచ్చింది. "ఈ గడ్డ ఇక్కడుందంటే, అసలుది తల వైపు ఎక్కడో ఉండాలి" అంది డాక్టరమ్మ. అప్పుడు నేనే విగ్గు తీసి ఆమె టేబుల్ మీద పెట్టాను.

డాక్టరమ్మ మచ్చను లెన్సుతో చాలాసేపు చూసింది. "మీ కంటి లోపల కూడా వెతికినాం కదండీ" అని మాత్రం అంది. తిట్టి ఉంటే బాగుండేది.

"ముందే చూపిచ్చుంటే ఈ గడ్డ వచ్చేది కాదా మేడమ్?" రాహేలు అడిగింది.

"అది చెప్పలేనమ్మా. ముందే తీసేసేవాళ్లం. మందు కూడా ముందే మొదలయ్యేది."

దారిలో రాహేలు ఒక్క మాటే అంది: "ఊరందరికీ చెప్పు నీ అబద్ధాలు. నాకెందుకు చెప్పినావప్పా?"

నెత్తి మీద మచ్చ, చెవి వెనక గడ్డ తీశారు. తొడ చర్మం తెచ్చి నెత్తికి అతికారు. ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ మందు సెలైన్‌లా ఎక్కించారు. ఆ మందుకే మధ్యలో థైరాయిడ్ దెబ్బతిని, మంచం మీంచి లేవలేకపోయాను. దానికి రోజూ మాత్ర వేసుకుంటున్నాను. ఇప్పుడు స్కాన్‌లలో కొత్త గడ్డలు లేవు. తగ్గిపోయిందని డాక్టరమ్మ అనదు. "స్టేబుల్" అంటుంది. కోటకు గుడ్డటోపీ పెట్టుకుని పోతున్నాను. చర్చిలో ఆ ఉపవాసాలున్న ఆడవాళ్ల ఎదుట ఇప్పటికీ తల ఎత్తలేను.

ఒక్క మాట చెబుతాను. ఒళ్లంతా చూడాలని డాక్టర్ అంటే ఒళ్లంతా చూపించండి. విగ్గు కింద, గోళ్ల రంగు కింద, సిగ్గుపడే చోట కూడా.

ఇక నేను కల్పించిందేదో చెప్పాలి. విగ్గు నేనే తీశానన్నది అబద్ధం. రాహేలు లాగింది. నేను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. డాక్టరమ్మ ముందర, ఆ గడ్డ చెవి వెనక పెట్టుకుని కూడా, వదల్లేదు.