కందకుర్తి రేవులో పక్కన పెట్టిన మూడు సీసాలు

పడవ అన్న మాట వింటేనే నాకు భయం. అయినా నిజామాబాద్ నుంచి కందకుర్తి దాకా వెళ్లాను. కాలేజీలో చదివే మా మనవరాలు స్రవంతి ఒక్కతే పోతానంటే ఇంట్లో ఎట్లా కూర్చుంటాను? నది నీటి మీద ప్లాస్టిక్ నలుసులు ఎన్ని తేలుతున్నాయో చూడటం దాని పరీక్ష పని. కాలేజీ వాళ్లు సన్న జల్లెడ ఆ ఒక్కరోజుకే ఇచ్చారు. పని చెడితే ఈ ఏడు మళ్లీ దొరకదు.

ఉదయం ఆరున్నరకు బోధన్ బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. కార్డు ఉందో లేదోనని నాలుగుసార్లు సంచి తడుముకున్నాను. బోధన్‌లో ఇడ్లీ తిని, మనిషికి యాభై రూపాయలిచ్చి, చెరకు తోటల పక్క నుంచి ఆటోలో తొమ్మిదింటికి రేవు చేరాం. పడవ నడిపే గంగారాం రెండు గంటలకు నాలుగొందలు అడిగాడు. నా సంచిలో ఇంకో నూలు చీర చూసి నవ్వాడు.

"ఏందవ్వా, నదిల కాపురం పెడ్తవా?"

"మునిగితే తడిబట్టల్తోని బస్సెట్లెక్కాలె బిడ్డా?"

"మునిగినంక బస్సెందుకవ్వా!"

పడవెక్కాక స్రవంతి తన స్టీలు బకెట్‌కు గంగారాం పడవలోని తాడు కట్టి నదిలో మూడు చోట్ల నీళ్లు తోడింది. జల్లెడలో వడపోసి, మిగిలినదాన్ని మూడు గాజు సీసాల్లోకి కడిగింది. భూతద్దంలో చూసి పడవ ఊగేలా ఎగిరింది. "అమ్మమ్మా, ఎన్ని నీలం పోగులో సూడు! మా క్లాసుల ఎవలకూ గిన్ని దొరకలె."

చూశాను. గంగారాం తాడు అదే నీలం నైలాను. పాతబడి నూగు లేచింది, అతని అరచేతులకూ అదే నూగు. చెప్పాలా వద్దా? పిల్ల అంత సంబరంగా ఉంది, పూటంతా కష్టపడింది. చెప్పకుండా ఉండలేకపోయాను.

"బిడ్డా, గా పోగులు నదియి కావేమోనే. తాడు సూడు."

అది తాడును అరచేతికి రాసి, భూతద్దం పెట్టి చూసింది. ముఖం చిన్నబోయింది.

"గది గూడ ప్లాస్టికే గదా, ఉండనియ్యి చెల్లె. ఎవలు సూస్తరు?" అన్నాడు గంగారాం.

"నేను సూసిన గదన్నా."

మూడు సీసాల మీది చీటీలకూ అడ్డగీత కొట్టింది. ఇవి లెక్కలోకి రావని, తాడు పోగులు కలిశాయని నోటుపుస్తకంలో రాసింది. అది బకెట్, జల్లెడ బాగా కడిగాక, నా నూలు చీరను పురిపెట్టి బకెట్‌కు కట్టాను. చీర పోగులు నీళ్లలో కలిస్తే తర్వాత గుర్తుపట్టడానికి స్రవంతి దాన్లోంచి ఒక పోగు లాగి వేరే సీసాలో దాచుకుంది. మళ్లీ మూడు చోట్లకూ తిరిగాం. గంగారాం ఇంకో రెండొందలతో సరిపెట్టుకున్నాడు. ఈసారి నీలం పోగులు నాలుగైదే. బస్తా పీలికలు, కవర్ల తునకలు కొన్ని. తక్కువే, కానీ నదిలోవే.

నీళ్లు తేటగా ఉంటే మంచివేననుకునేదాన్ని ఇన్నాళ్లూ. ఇప్పుడు దోసిట్లోకి తీసుకున్నా అనుమానమే, నా దిగుళ్లకు ఇంకొకటి తోడైంది. మీరూ వెళ్తే దింపిన ఆటో అతని ఫోన్ నంబరు తప్పక తీసుకోండి, మధ్యాహ్నం దాటితే రేవు దగ్గర ఆటోలు ఉండవు. ఆ సీసాల్లో ఏముందో లెక్కగట్టే చదువు నాకు లేదు. కానీ నా మనవరాలు రాసిన లెక్క నిజమని ఎవరి ముందైనా నిలబడి చెప్తాను.