గుంత ఉన్న ఇల్లు

నా భార్య పోయి నెల దాటింది. నాలుగు రోజుల జ్వరం, అంతే. చాలామంది మిత్రులకు ఆలస్యంగా తెలిసింది. ఉత్తరాలు ఇంకా వస్తున్నాయి. విడివిడిగా జవాబులు రాసే శక్తి లేదు. ఇది అందరికీ కలిపి రాస్తున్నాను. చదివేవారిలో కిరాయికిచ్చేందుకు ఇల్లు కొనాలనుకునేవారుంటే వారికీ పనికి రావచ్చు.

ఆమె బడికి పోలేదు. నేను హైదరాబాదులో బి.ఏ. చదివి సిద్దిపేటలో పంతులునయ్యాను. అయినా మా ఇద్దరిలో లోకం తెలిసిన మనిషి ఆమే. ఆ సంగతి ఒక ఇల్లు కొన్నప్పుడు నాకు తెలిసింది.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన కొత్తలో నాకు ఉబ్బసం ముదిరింది. మాకు పిల్లలు లేరు. నేను ముందు పోతే ఆమెకు ఆధారమేమిటన్నదే నా దిగులు. కూడబెట్టిందంతా పెట్టి ఒక ఇల్లు కొని కిరాయికి ఇద్దామనుకున్నాం. ఎంపికలో పొరపడితే మరో ఇల్లు కొనే స్తోమత లేదు.

బజారులో ఒక మేడ నాకు నచ్చింది. చెక్కిన దర్వాజా, పైన గది, కిరాయి కూడా ఎక్కువే. చూడమని తీసుకుపోతే ఆమె మేడ చూడలేదు. అక్కడ కిరాయికున్న ఇల్లాలిని మంచినీళ్ళు అడిగి తాగింది. ఏ బావి నీళ్ళని అడిగింది. వాళ్ళ బిందె తీసుకుని ఆ బావికి తానే పోయి, నీళ్ళు మోసుకొచ్చింది. నేను సిగ్గుతో వీధిలో నిలబడ్డాను.

"కిరాయి మగోళ్ళిస్తరు గని ఇంట్ల ఉండేది ఆడోళ్ళు. గింత దూరం నీళ్ళు మోసుడంటే ఏడాది గూడ నిలువరు," అన్నది. "గోడకు మొలలు చూసిన్రా? వచ్చినోళ్ళందరు కొట్టిన్రు. ఎంతమంది వచ్చి పోయిన్రో లెక్కబెట్టుకోండ్రి."

తర్వాత నేతవాళ్ళ గల్లీకి నన్ను తీసుకుపోయింది. వంగి పోవలసిన పెంకుటిల్లు. నడిమింట్లో మగ్గం కోసం తవ్విన గుంత; అక్కడ కిరాయికున్న నేతగాడు అందులో కాళ్ళు పెట్టి కూర్చుని నేస్తున్నాడు. పెరట్లోనే బావి.

"ఇది ఇల్లా, గొయ్యా?" అన్నాను.

"గుంత తవ్వుకున్నోడు ఊకె లేచిపోడు. మీకు మేడ గావాల్నా, కిరాయి గావాల్నా?"

"రెండూ."

"ఆశకేం తక్కువ లేదు మా పంతులుకు," అని నేతగాడి భార్యతో చెప్పి నవ్వింది.

ఆ ఇల్లే కొన్నాం.

యుద్ధం ముదిరాక నూలు దొరకలేదు. నెలల తరబడి మగ్గం ఆగింది, కిరాయీ ఆగింది. ఇప్పుడేమంటావని అడిగాను.

"ఏమంట? గుంత నెత్తిన బెట్టుకొని పోతడా?" అన్నది. ఆ సాయంత్రమే వాళ్ళింటికి జొన్నలు పంపింది.

నూలు వచ్చాక వాళ్ళు పాత కిరాయంతా తీర్చారు. ఈలోగా బజారు మేడకు మూడుసార్లు తాళం పడింది. ఆ దారిన పోతూ ఆమె ఒక్కసారి, "తాళం మంచిది చూసి వేసిన్రు," అన్నది. అంతకు మించి నన్ను దెప్పలేదు.

ఏటా వానలకు ముందు తానే పోయి పెంకులు చూసి వచ్చేది. కిరాయిదారు వచ్చి చెప్పేదాకా ఆగేది కాదు. "ఇల్లు నోరు తెరిచి చెప్తదా? మనమే పోయి చూడాలె," అనేది.

మొన్న ఒకటో తారీఖున నేతగాడి భార్య కిరాయి పట్టుకుని వచ్చింది. రంగులద్దే పని మధ్యలో వదిలి వచ్చినట్లుంది. ఈ నెల కిరాయి ఆమె దగ్గరే ఉంచుకోమన్నాను.

"వద్దు పంతులూ. ఇల్లు కొన్ననాడే అమ్మ నాతోని మాట తీస్కున్నది. 'మా ఆయినకు అడుగుడు రాదు. నేనున్నా లేకున్నా నువ్వే తెచ్చియ్యాలె' అన్నది."

నేను ఆమె కోసం ఇల్లు చూస్తున్నాననుకున్నాను. ఆమె ఆనాడే నా కోసం కిరాయిదారును చూసి పెట్టింది.

నేతగాడి భార్య వెళ్ళబోయింది.

"ఇంకేమన్నది?" అని అడిగాను.

ఆమె తిరిగి వచ్చి అరుగు మీద కూర్చుంది. నీలిరంగు ఇంకా ఆరని చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఇల్లు కొన్ననాటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.