మంచం మీద కాస్త చోటు

ఏ పని చేస్తున్నా ప్రభువు పక్కనే ఉన్నాడని గుర్తుచేసుకోమని ఆదివారం పాస్టర్‌గారు చెప్పారు. నేను తెనాలిలో ఒక ఆసుపత్రిలో నర్సుని. ఈ రోజు ప్రయత్నించాను. పది గంటల దాకా సెలైన్లు మారుస్తూ లోలోపల ఆయనతో మాట్లాడుతూనే ఉన్నాను. తర్వాత తోటి నర్సు రావడం లేదని తెలిసింది. రెండు వార్డులూ నా మీదే పడ్డాయి. ఇక ప్రభువూ గుర్తులేడు, అన్నమూ గుర్తులేదు.

కొల్లిపర నుంచి వచ్చి వార్డులో చేరిన ఒక పెద్దావిడ, మధ్యాహ్నం మూడింటికి, నేను అప్పుడే మార్చిన దుప్పటి మీద మళ్లీ వాంతి చేసుకున్నారు.

"ఏంటి మామ్మగారూ, ముందే చెప్పొచ్చు కదా!" అని కసిరాను.

ఆవిడ ముఖం చిన్నబోయింది. దుప్పటి మార్చి వెళ్లబోతుంటే నా చెయ్యి పట్టుకున్నారు.

"పొద్దున్నుంచి నిలబడే ఉన్నావు తల్లీ. కాళ్లు పీకుతుంటాయి, కాసేపు కూర్చో" అంటూ నొప్పితోనే కాళ్లు ముడుచుకుని మంచం మీద చోటిచ్చారు.

కూర్చున్నాను. ఏడుపొచ్చింది.

"తప్పైపోయింది మామ్మగారూ."

"పోనీలేమ్మా."

రేపల్లె బస్సులో ఇది రాస్తున్నాను. నేను మరిచిపోయిన పూట కూడా ఆయన ఆ వార్డులోనే ఉన్నాడు. నాకైతే ఎవరినో ఒకరిని కసిరాక గానీ గుర్తురావడం లేదు. మీ సంగతేంటండీ?