జపాన్ చాంపియన్‌ను నేను ఓడించిన శుక్రవారం

ఆ రోజుల్లో సౌదీలో మా జాతకాలన్నీ రంగుల్లో ఉండేవి. ఏ కంపెనీలో ఎంతమంది సౌదీలకు ఉద్యోగమిచ్చారో చూసి, సర్కారు ఒక్కో కంపెనీకి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అని రంగు వేసేది. దాని పేరు నితాఖత్. ఆకుపచ్చ కంపెనీలో ఉన్నవాడు కాలు మీద కాలేసుకుని చాయ్ తాగేవాడు. పసుపువాడు చాయ్ చల్లారేదాకా ఆలోచించేవాడు. ఎరుపులో పడ్డవాడికి చాయే దిగేది కాదు. వాడి ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండటానికి ఇచ్చే కార్డు, ఇక రెన్యువల్ కాదు. వాడికి మిగిలింది ఒకటే దారి, పాత కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమానిని, అడగకుండానే ఆకుపచ్చ కంపెనీకి మారిపోవచ్చు. కాకపోతే ఆ ఆకుపచ్చవాడు మనల్ని రమ్మనాలి కదా! మా కంపెనీ ఎర్రబడేనాటికి నా వయసు ఇరవై నాలుగు, బరువు యాభై రెండు కిలోలు, ఇఖామాలో మిగిలినవి నాలుగు నెలలు. అలాంటి సమయంలో బుద్ధున్నవాడు నాలుగు కంపెనీల గేట్లు పట్టుకు తిరుగుతాడు. నేను మాత్రం జపాన్ కుస్తీల్లో పడ్డాను.

అప్పుడు నేను అల్ ఖోబర్‌లో విదేశీ ఇంజినీర్ల కుటుంబాలుండే ఒక కాంపౌండులో ఏసీ మెకానిక్‌ని. పద్నాలుగో నంబరు విల్లాలో అరవై దాటిన జపాన్ సార్ ఒకాయన ఒంటరిగా ఉండేవాడు. ఏదో పెద్ద ప్లాంటు కడుతున్న కంపెనీలో సేఫ్టీ సూపర్‌వైజర్. మనిషి బీరువాలా ఉండేవాడు. కుడి మోకాలు కొంచెం ఈడ్చేవాడు. చెవులు మాత్రం మూకుట్లో మాడిన గారెల్లా ముడుచుకుపోయి ఉండేవి. (పుట్టుకతోనే అలా ఉన్నాయేమోనని, ఆయనతో మాట్లాడేటప్పుడు మర్యాదకి పైకప్పు వైపు చూసేవాణ్ని. ఏసీ మెకానిక్‌ని కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.) ఒకరోజు ఆ ఇంట్లో ఫిల్టర్లు కడగడానికి నిచ్చెనెక్కితే, లోపలి గదిలో గోడకు ఒక ఫోటో కనిపించింది. ఎర్ర చెడ్డీ, నుదుటి మీద నెత్తురు, నడుముకు పళ్ళెమంత బిళ్ళ ఉన్న బెల్టు. చెవులు అవే.

“సార్, దిస్... యూ?” అన్నాను.

“మీ,” అన్నాడు ఆయన కూరగాయలు తరుగుతూనే. “చాంపియన్. లాంగ్ టైమ్ బిఫోర్.”

“బెల్ట్ ఎక్కడ సార్?”

“బెల్ట్, కంపెనీ ప్రాపర్టీ. ఓడిపోతే రిటర్న్.” కత్తి ఆపి నా వైపు చూశాడు. “యువర్ పాస్‌పోర్ట్, వేర్?”

“కంపెనీ దగ్గర సార్.”

“సేమ్,” అన్నాడు.

ఈ సంగతి ఆ సాయంత్రం క్యాంపులో మా బావకు చెప్పడమే నేను చేసిన మొదటి తప్పు. బావ అంటే మా అక్క మొగుడే. అదే కంపెనీలో టైల్స్ వేసే మేస్త్రీ. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో ఉన్నప్పటి నుంచీ టీవీలో కుస్తీలంటే పడి చచ్చేవాడు. పెళ్ళైన కొత్తలో ఏదో పట్టు చూపిస్తానని మా నాయిన నవారు మంచం విరగ్గొట్టిన ఘనుడు. మా క్యాంపులో ఆ కుస్తీల గురించి ఏళ్ళ తరబడి తెగని పంచాయితీ ఒకటుండేది. సగం మంది అంతా నాటకమనేవాళ్ళు. మా బావ, ఆయన వెనక ఇంకో ఇద్దరు, అంతా నిజమనేవాళ్ళు.

“అరె బామ్మర్దీ,” అన్నాడు బావ అన్నం గిన్నె పక్కనపెట్టి. “అసలు చాంపియనే దొరికిండు. ఒక్క ముచ్చట అడిగి రారాదురా? గది నిజమా, నాటకమా?”

నాకూ అదే తెలుసుకోవాలని పురుగు తొలవడం మొదలుపెట్టింది. నాలుగు నెలల్లో నా బతుకేమవుతుందో తెలియదు గానీ, నలభై ఏళ్ళ కింద జపాన్‌లో ఎవరు ఎవర్ని నిజంగా కొట్టారో తెలుసుకోకపోతే నిద్రపట్టదనిపించింది. ఆ నెలలో పద్నాలుగో విల్లాలో ఫిల్టర్లు కడిగినన్నిసార్లు గల్ఫ్ మొత్తంలో ఎవడూ కడిగుండడు.

సార్ ఒక్కో రోజు ఒక్కో ముక్క చెప్పేవాడు, అదీ ఇంగ్లీషుకు చేతి సైగలు కలిపి. పదిహేడో ఏట ఇంట్లోంచి పారిపోయి కుస్తీ కంపెనీలో చేరాడట. మొదటి రెండేళ్ళు రింగులో అడుగు పెట్టనివ్వలేదు. తెల్లారి లేచి వందల గుంజీలు, ఆ తర్వాత సీనియర్లందరికీ పెద్ద గిన్నెలో కూరలూ చేపలూ కలిపి వండటం, వాళ్ళ చెమట బట్టలు ఉతకడం, స్నానాల గదిలో వాళ్ళ వీపులు తోమడం. (“అత్తగారింట్ల కొత్త కోడలు బతుకే నయం గదరా!” అన్నాడు బావ.) ఆ తర్వాత పదిహేడేళ్ళు బస్సులో ఊరూరా తిరగడం. రింగు చెక్కలు వాళ్ళే మోసి, వాళ్ళే బిగించి, దాని మీదే తన్నులు తిని, మళ్ళీ వాళ్ళే విప్పి బస్సెక్కించడం. చివరికి ముప్పై ఆరో ఏట ఒకరోజు ఆఫీసువాళ్ళు పిలిచి, వచ్చే నెల బెల్టు నీకు అన్నారట.

“ఆఫీసా?” అన్నాను నిచ్చెన మీది నుంచి. “ఫైట్‌కి ముందే? ప్రమోషన్ ఆర్డర్ లాగానా?”

“యెస్. ప్రమోషన్,” అన్నాడు సార్ సంతోషంగా, సరైన మాట దొరికినట్టు.

ఆ సాయంత్రం బావ ముఖం చూడాల్సింది. అన్నం కూడా సరిగ్గా తినలేదు. “ఆఫీసోడు రాసిస్తడా బెల్టు? థూ, గింతేనా?” అని అటు తిరిగి పడుకున్నాడు. తెల్లారి బస్సు కోసం నిలబడ్డప్పుడు మాత్రం తనే మొదలుపెట్టాడు. “అయినా గానీ బామ్మర్దీ, ఆఫీసోడు ఊకనే ఇస్తడా? పదేండ్లాయె నేను టైల్సు ఏయబట్టి, నాకు ఒక్క ప్రమోషన్ ఇచ్చిండా? వాడు ఇచ్చిండంటే గాయనల ఏదో ఉన్నట్టే లెక్క. ఏముందో అడుగు.”

అడిగాను. సార్ నోటితో చెప్పే ఓపిక లేనట్టు, శుక్రవారం పొద్దున కాంపౌండు జిమ్‌కు రమ్మన్నాడు. వెళ్తే, నీలం రంగు పరుపులు పరిచి నన్ను వెనక్కి పడమన్నాడు. పడ్డాను. తల ఠంగుమంది. గడ్డం గుండెకు ఆనించు, చేతులు రెండూ ఒకేసారి పరుపు మీద చరుచు, ఊపిరి వదిలెయ్ అన్నాడు. మళ్ళీ పడ్డాను. “ఫస్ట్ ఇయర్, నో ఫైట్,” అన్నాడు. “ఓన్లీ ఫాల్.” అలా నాలుగైదు శుక్రవారాలు పడటమే నా పని. పడి పడి నా వీపు వంకాయ రంగుకొచ్చింది. క్యాంపులో అంగీ విప్పితే, నాటకమని వాదించే సగం మంది వచ్చి చూసి నోరు మూసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. బావ నా వీపుకు జండూబామ్ రాస్తూ, రుజువు దొరికిన వకీలులా మురిసిపోయేవాడు.

అప్పుడే ఇంకో రహస్యం కూడా తెలిసింది. ఎత్తి పడేసేటప్పుడు ఎత్తేవాడొక్కడే ఎత్తడట. ఎత్తబడేవాడు కూడా సరిగ్గా సమయానికి ఎగరాలి. “నువ్వు జంప్ చెయ్యకపోతే నేను లిఫ్ట్ చెయ్యలేను. టూ మెన్, వన్ జాబ్,” అని సార్ చెప్పినదాని అర్థం.

ఇంతలో ఒక కబురు తెలిసింది. సార్ కంపెనీ ఆకుపచ్చ. అందులో ఏసీ డక్టుల పనికి మనిషి కావాలట. పైగా ఆ నెలాఖరు శుక్రవారం సాయంత్రం కాంపౌండులో కుటుంబాల వేడుక ఉంది, దానికి ఆ కంపెనీ ఆఫీసర్ కూడా వస్తున్నాడు. ఉద్యోగాల సంతకాలన్నీ పెట్టే సౌదీ ఆయనే. వేడుకలో సార్‌ను కుస్తీ చూపించమని కాంపౌండు మేనేజర్ అడిగాడు. సార్‌కు పడేవాడు ఒకడు కావాలి. ఆ కాంపౌండులో పడటం నేర్చినవాణ్ని నేనొక్కణ్నే.

“బామ్మర్దీ, దేవుడే తెరిచిండు తలుపు,” అన్నాడు బావ. “నువ్వు మంచిగ ఓడు. గంత మంచిగ ఓడితే సార్ ఖుష్, ఆఫీసర్ ఖుష్. ఇఖామా పక్కా.”

నాకు ముసుగు ఉంటే బాగుంటుందని పాత పరదా గుడ్డతో తనే కుట్టాడు. టైల్స్ కొలవడంలో వెంట్రుకవాసి తేడా రానివ్వని మనిషి, నా ముసుగుకు కళ్ళ చిల్లులు మాత్రం ఒకటి నుదుటి దగ్గర, ఇంకోటి బుగ్గ దగ్గర పెట్టాడు. ఒక కంటితోనే లోకం కనబడేది. రిఫరీ కూడా తనే. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చాడు.

ఈత కొలను పక్కన పచ్చిక మీద జిమ్ పరుపులు పరిచారు. చుట్టూ కుర్చీల్లో కుటుంబాలు. ముందు వరసలో తెల్లటి పొడుగు తోబు అంగీలో ఆఫీసర్ అరబ్బు కాఫీ ఖహ్వా తాగుతూ కూర్చున్నాడు. సార్ నల్ల బనియనుతో వచ్చి నాలుగు దిక్కులకూ వంగి నమస్కరించాడు. ఆ క్షణంలో ఆయన అరవై ఏళ్ళ మనిషిలా లేడు. నడక మారింది, చూపు మారింది. మెడ పట్టుకుని నన్ను ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఛాతీ మీద అరచేత్తో చరిస్తే ఆ చప్పుడుకు జనం “ఓ” అన్నారు. (చప్పుడంత నొప్పి లేదు. ఎలా చేశాడో ఇప్పటికీ తెలియదు.) నేను బావ చెప్పినట్టు మంచిగా ఓడుతున్నాను. ఇక ఆఖరి పట్టు మిగిలింది. సార్ నా నడుం పట్టుకుని, చేతిని రెండుసార్లు నొక్కాడు. ఎగరమని సైగ.

నా ముందు ఇఖామా కనబడుతోంది, ఆఫీసర్ కనబడుతున్నాడు. అదీ ఒక్క కంటికే. మామూలుగా ఎగిరితే ఏం బాగుంటుందని, ఉన్న బలమంతా పెట్టి మేకపోతులా ఎగిరాను. నేను అంతెత్తున వస్తానని సార్ అనుకోలేదు. ఆయన కుడి మోకాలు ఒక్కసారి పక్కకు తిరిగింది. ఇద్దరం కలిసి కూలిపోయాం. ఆయన కింద, నేను ఆయన ఛాతీ మీద అడ్డంగా.

లేవబోయాను. నా వీపు మీద ఆయన చెయ్యి ఇనుప కడ్డీలా పడింది. “డోంట్ మూవ్,” అన్నాడు చెవిలో, పెదవి కదలకుండా.

కిందపడ్డవాడు మూడు లెక్కపెట్టేలోగా లేవకపోతే ఓడినట్టే. అప్పటికే బావ పరుపు మీద బోర్లా పడి అరచేత్తో బాదుతున్నాడు. “ఏక్!” అన్నాడు. బావా ఆగు అని నేను ముసుగులోంచి గొణుగుతూనే ఉన్నాను. “దో!” పాతికేళ్ళుగా టీవీ ముందు కూర్చుని లెక్కపెట్టిన మనిషికి ఆ క్షణంలో బామ్మర్ది లేడు, ఇఖామా లేదు. “తీన్!” అని గాల్లోకి లేచి, నా చెయ్యెత్తి పట్టుకుని, “విన్నర్! విన్నర్!” అని కొలను చుట్టూ తిప్పాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆఫీసర్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటున్నాడు. సార్ నెమ్మదిగా లేచి, నాకు వంగి దండం పెట్టి, తిన్నగా నడుచుకుంటూ విల్లా వైపు వెళ్ళిపోయాడు. ఒక్కసారి కూడా కాలు ఈడ్వలేదు. నేను మాత్రం నా ఉద్యోగం అదిగో అలా నడిచి వెళ్ళిపోతోందని అనుకున్నాను.

మర్నాడు భయపడుతూనే పద్నాలుగో విల్లాకు వెళ్ళాను. సార్ సోఫాలో ఉన్నాడు. మోకాలు గుమ్మడికాయంత వాచి ఉంది, దాని మీద మంచు సంచి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“సారీ సార్. నిన్న ఒక్క అరుపు కూడా అరవలేదు మీరు.”

“రియల్ పెయిన్, నో షౌట్,” అన్నాడు. “పిల్లలు చూస్తున్నారు. భయపడతారు.” తర్వాత మెడ పట్టుకుని, ముఖమంతా వంకర్లు తిప్పి, విల్లా అదిరేలా ఒక గావుకేక పెట్టాడు. నేను అదిరిపడి చేతిలో ఫిల్టర్ వదిలేశాను. “దిస్, నో పెయిన్,” అని నవ్వాడు. “ట్వంటీ ఇయర్స్, ఇదే నా జాబ్.”

బావ అడగమన్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబు అదే. క్యాంపుకు వెళ్ళి చెబితే, రెండు వర్గాలూ తామే గెలిచామని మొదటిసారి చేతులు కలుపుకున్నాయి.

వారం తర్వాత ఆ కంపెనీ నుంచి పిలుపొచ్చింది. ఆఫీసర్ నా కాగితాలు చూసి, పక్కన కర్రతో నిలబడ్డ సార్‌ను చూసి, “ఇతనేనా మిమ్మల్ని ఓడించింది?” అన్నాడు ఇంగ్లీషులో.

“యెస్. క్లీన్ విన్,” అన్నాడు సార్ ముఖం కదలనివ్వకుండా. “గుడ్ మెకానిక్. నిచ్చెన మీద పని. పడటం తెలుసు. వెరీ సేఫ్.”

సంతకం పడింది. టైల్స్ మేస్త్రీకి మాత్రం ఆ కంపెనీలో ఖాళీ లేదు. ఇంకా చాలాచోట్ల తిరిగాడు బావ. విదేశీ పనివాళ్ళ మీద కంపెనీలు కట్టే లెవీ పన్ను పెంచారని ఎవరూ కొత్తవాళ్ళను తీసుకోవడం లేదన్నారు. చివరికి ఖురూజ్, అంటే ఇక తిరిగి రాని ఎగ్జిట్ వీసా, కొట్టించుకుని ఇంటికి బయల్దేరాడు. దమ్మామ్ ఎయిర్‌పోర్టులో, నేను దుఃఖం ఆపుకోలేక, “బావా, నిజానికి ఆ దినం సార్ మోకాలు...” అని మొదలుపెట్టాను.

“నోర్ముయ్,” అన్నాడు. “మూడు లెక్కపెట్టింది నేను. రిఫరీ మాటంటే మాటే. నువ్వు గెలిచినవ్.” వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు. తర్వాత మా అక్క ఫోన్ చేసి, ఊరంతా చెప్పి తిరుగుతున్నాడంది.

కొత్త సైటులో చేరిన కొన్నాళ్ళకు మధ్యాహ్నం భోజనాల దగ్గర బంగ్లాదేశీ డ్రైవర్ ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. పెద్దాయన, చాలా మర్యాదస్తుడు. “భాయ్, మీరు జపాన్ చాంపియన్‌ను ఓడించారట, నిజమేనా?” అని హిందీలో అడిగాడు. నాలుగడుగుల దూరంలో సార్ తన డబ్బాలోంచి జపాన్ పుల్లలతో అన్నం తింటున్నాడు. జరిగింది చెప్పేయాలి. నోరు తెరిచాను కూడా. తీరా నా నోట వచ్చింది మాత్రం, “అంత తేలిగ్గా ఏం గెలవలేదు భాయ్, చాలా కష్టపడ్డాను,” అని.

సార్ తల ఎత్తలేదు. పుల్లలు కింద పెట్టి, మెడ పట్టుకుని, షెడ్డంతా వినబడేలా ఒక మూలుగు మూలిగాడు. డ్రైవర్ నా వైపు చూసిన చూపుకి నా ఛాతీ రెండంగుళాలు ఉబ్బింది.

ఇప్పుడు నేను జగిత్యాలలో ఏసీల దుకాణం నడుపుకుంటున్నాను. యాభై రెండు కిలోలు ఎప్పుడో దాటిపోయాను. అప్పటి నన్ను, ఆ ముసుగు మేకపోతును, తలుచుకుంటే నవ్వాగదు. వాడికి అన్నీ తెలుసు. మోకాలు తిరగడం అందరికన్నా దగ్గర్నుంచి చూసినవాడు. అయినా ఆ ఏడాదంతా, చాంపియన్‌ను పడగొట్టింది తన బలమేనేమోనని లోపల ఎక్కడో నమ్ముతూనే ఉన్నాడు, పాపం.