ధనమ్మ గీసిన ఊరు

ధనమ్మ తండ్రి రేపల్లె తాలూకాలో సర్వే శాఖ చైన్‌మన్. సర్వేయరుగారు గొడుగు కింద నిలబడి లెక్కలు రాసుకుంటుంటే, ఇనప గొలుసు పట్టుకుని మోకాలి లోతు బురదలో నడిచేది ఆయనే. వేసవి సెలవుల్లో ఆ గొలుసు రెండో కొస ధనమ్మ చేతిలో ఉండేది. అలా తిరిగి తిరిగి నేలను కొలిచే పని మీద ఇష్టం పుట్టి, ఆమె గుంటూరు ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ కోర్సులో చేరింది. క్లాసు మొత్తానికి ఆడపిల్ల ఆమె ఒక్కతే.

పెళ్ళయి భర్త రాధాకృష్ణతో అమెరికా వచ్చాక, వర్జీనియాలోని షాంటిలీలో ఓ సర్వే కంపెనీ ఆమెకు పని ఇచ్చింది. పొలాలు కాలనీలుగా మారుతున్న రోజులవి. ఎవరి ఇల్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఇరవై రెండేళ్ళపాటు ఆమె గీసింది. మొదట సిరా పెన్నుతో, తర్వాత కంప్యూటర్ మీద. ఆఫీసులో ఆమెను డానా అనేవారు. తెలుగువాళ్ళ విందుల్లో మాత్రం, డాక్టర్ల భార్యల మధ్య, "మీరేం చేస్తుంటారు?" అని ఎవరైనా అడిగితే "ఏదోలెండి, ఆఫీసులో బొమ్మలు గీస్తుంటాను" అని మాట దాటేసేది.

ఇళ్ళ వ్యాపారం కుప్పకూలిన 2008 చివర్లో ఆ ఉద్యోగం పోయింది. ధనమ్మకప్పుడు యాభై ఐదేళ్ళు. కొన్నాళ్ళు పెరట్లో బీరపాదులు వేసింది, కొన్నాళ్ళు కూతురు ఇషాకి పచ్చళ్ళు పార్సిల్ చేసింది. దేనిమీదా మనసు నిలవలేదు.

వాళ్ళ వరసలోనే రెండిళ్ళ అవతల రోసా అని ఒకావిడ ఉండేది. ఇండోనేషియాలో ఫ్లోరెస్ అనే దీవి ఆమెది. వృద్ధుల ఆశ్రమంలో నర్సుకు సహాయకురాలు. ఇండియన్ స్టోర్‌లో ఎండుచేపల ప్యాకెట్ల దగ్గర మొదలైన పరిచయం. తమ భాషలో అక్కను పిలిచినట్టు ధనమ్మను "కాకా" అని పిలిచేది. అది విన్నప్పుడల్లా రాధాకృష్ణ, "మా హైదరాబాద్ ఫ్రెండ్స్ బాబాయిని పిలుస్తారు అలాగ" అని నవ్వేవాడు.

2010 మార్చిలో ఒక ఆదివారం రోసా ఏడ్చిన కళ్ళతో వచ్చింది. ఆమె ఊరు వాతుబేలా కొండల్లో విసిరేసినట్టు ఉంటుంది. ఏదో తోటల కంపెనీ మనుషులు వచ్చి, ఊరి కాఫీ తోటల్లో ఎర్ర రంగు కర్రలు పాతిపోయారట.

"మాకు కాగితం లేదు కాకా. ఎవరి చెట్టు ఏదో మా అమ్మలకు తెలుసు. మ్యాప్ ఉంటే తీసుకురండి, చూస్తాం అంటున్నారు జిల్లా ఆఫీసువాళ్ళు. మా ఊరికి మ్యాప్ ఎవరు గీస్తారు?"

ధనమ్మ ఆ రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఉపగ్రహం ఫొటోల్లో ఆ ఊరిని వెతికింది. ఎన్నిసార్లు చూసినా కొండల మీద తెల్లటి మబ్బే కనిపించింది. సాయంత్రం కాఫీ కలుపుతూ భర్తతో చెప్పింది.

"ఏవండీ, నేను రోసా వాళ్ళ ఊరు వెళ్దామనుకుంటున్నాను. జూలైలో వానలుండవట."

"అక్కడికెందుకు ధనం? బాలీకి వెకేషన్ బుక్ చేయమంటావా?"

"వెకేషన్ కాదు. కొలవాలి."

రాధాకృష్ణ ఆమె ముఖంలోకి చూశాడు. ఉద్యోగం పోయాక ఆ ముఖంలో అంత వెలుగు చూడటం అదే మొదలు. ఇషా ఫోన్‌లో "అమ్మా, దిస్ ఈజ్ క్రేజీ! యూ ఆర్ నాట్ ఈవెన్ లైసెన్స్డ్!" అని అరిచింది. "నిజమేనే, మ్యాప్ మీద సంతకం పెట్టడానికి లైసెన్స్ లేదు. గీయడానికి చెయ్యి ఉందిగా" అంది ధనమ్మ.

వాషింగ్టన్‌లో విమానం ఎక్కిన మూడో రోజుకు బాలీ, అక్కణ్ణించి చిన్న విమానంలో ఫ్లోరెస్. కొండ దారిలో నాలుగు గంటలు వ్యాను. ఆ తర్వాత బస్సు ఉండదు, లారీ వెనక అడ్డంగా చెక్కబల్లలు బిగించిన బండి ఉంటుంది. కోళ్ళు, బియ్యం బస్తాలు, ఒక కట్టేసిన పంది, వాటి మధ్య రోసా, ధనమ్మ. చివరి మూడు మైళ్ళు నడక. టేపు, దిక్సూచి, చేతిలో పట్టే జీపీఎస్ ఉన్న సంచీని ధనమ్మ ఎవరికీ ఇవ్వలేదు.

ఊరంటే ఎదురెదురుగా రెండు వరసల ఇళ్ళు. ఆకాశంలోకి లేచిన గడ్డి కప్పులు, వెదురు వాకిళ్ళు, నడుమ పూర్వీకులు నిలబెట్టిన రాళ్ళు. కరెంటు లేదు. ఫోన్ సిగ్నల్ కావాలంటే కొండ ఎక్కాలి. రెండో రోజే ఆమె కొండెక్కి భర్తకు ఫోన్ చేసింది.

"ఇక్కడ ఇల్లూ పొలమూ కూతుళ్ళవేనండీ. పెళ్ళయితే మగవాడే వచ్చి భార్య ఇంట్లో ఉండాలి. ఊరు ఊరంతా ఇల్లరికం అల్లుళ్ళే!"

"నేను రాకపోవడమే మంచిదైంది" అన్నాడు రాధాకృష్ణ.

భూమి ఆడవాళ్ళది కాబట్టి హద్దులు చూపించడానికీ వాళ్ళే వచ్చారు. ఇంటికి ఇద్దరు చొప్పున కత్తులు నడుముకు కట్టుకుని, దారి కొట్టుకుంటూ నడిచారు. ముందు యుస్తీనా. ఎనభై దాటిన మనిషి, ఊరికి పెద్ద. ప్రతి వాగు దగ్గరా, ప్రతి వెదురు పొద దగ్గరా ఆగి ఆ చోటు పేరు, అది ఎవరి తల్లి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పేది. రోసా ఇంగ్లీషులో చెప్తే ధనమ్మ తెలుగు లిపిలో రాసుకునేది. ఆ పేర్లు పలికినట్టు రాయడానికి తెలుగు అక్షరాలే చక్కగా సరిపోయాయి. టేపు రెండో కొస పట్టుకుంది రోసా అన్న కూతురు థెరేసియా. ముప్పై ఏళ్ళు, ఇద్దరు పిల్లల తల్లి. మూడో రోజుకే ధనమ్మ చెప్పకముందే టేపు బిగించడం నేర్చింది.

ఆరో రోజున పని ఆగిపోయింది. కెమిరి అనే నూనెగింజల చెట్ల తోపు దగ్గర రెండిళ్ళవాళ్ళు తగాదాకు దిగారు. హద్దురాయి ఉంది. కానీ రాయే జరిగిందని ఒకరు, జరగలేదని ఇంకొకరు. కేకలు పెరిగాయి. ఒకావిడ కత్తి తీసి నేలకు గుచ్చింది. ఎటో ఒక పక్కకు గీసెయ్యమని రోసా బతిమాలింది.

"ఇద్దరూ ఒప్పుకోని గీత నేను గీయను" అంది ధనమ్మ. "గీశానే అనుకో, మనం వెళ్ళిన మర్నాడే కొట్టుకుంటారు. వాళ్ళను చూపించి కంపెనీవాడు మ్యాపే తప్పంటాడు."

అప్పుడు ఆమెకు తండ్రి పని గుర్తొచ్చింది. ఆయన రాయి పాతే ముందు గోతిలో గంపెడు బొగ్గు పోయించేవాడు. రాయిని ఎవరైనా జరపొచ్చు, బొగ్గు నూరేళ్ళయినా చివకదు, దాన్ని ఎవరూ ఎత్తుకుపోరు అనేవాడు. ధనమ్మ యుస్తీనా పక్కన కూర్చుని రోసా చేత అడిగించింది: "మీ పెద్దవాళ్ళు రాయి కింద ఏమైనా పెట్టేవారా?"

ముసలావిడ చాలాసేపు ఆలోచించింది. తర్వాత ఆవిడ కళ్ళు మెరిశాయి. చిన్నప్పుడు వాళ్ళ అమ్మమ్మ రెండిళ్ళ పొయ్యిల్లోంచీ బొగ్గు తెచ్చి ఒకే గోతిలో పోయడం చూసిందట.

రాయి చుట్టూ తవ్వారు. ఏమీ లేదు. ఎగువన రెండు బారలు జరిగి తవ్వితే, మోచేతి లోతులో నల్లటి మట్టి, అందులో పిడికెడు బొగ్గు ముక్కలు. ఎవరూ జరపలేదు, కొండచరియ కదిలి రాయి దానంతటదే దిగువకు వచ్చింది. రెండిళ్ళ ఆడవాళ్ళూ బొగ్గు చేతిలోకి తీసుకుని చూశారు. కత్తి గుచ్చినావిడే గడ్డపార అందుకుని రాయిని పాత చోటికి దొర్లించింది. ఆ రోజు ధనమ్మ తండ్రి పేరు ఏమిటని యుస్తీనా అడిగింది. "వీరాంజనేయులు" అని చెప్తే, నోరు తిరక్క నాలుగుసార్లు ప్రయత్నించి, ఆ హద్దుకు ఆ పేరే పెట్టించింది. బతుకంతా గొలుసు మోసిన మనిషి పేరు, ఆయన కలలోనైనా చూడని కొండ మీద ఒక రాయికి నిలిచింది.

షాంటిలీ తిరిగొచ్చి రెండు నెలలు డైనింగ్ టేబుల్ మీదే మ్యాప్ గీసింది. వంట రాధాకృష్ణ చేశాడు. ఏడు వాగులు, నలభై ఒక్క ఇంటి భూములు, నూట పన్నెండు పేర్లు. ఆ పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి, మ్యాప్‌ను రోసా ఊరికి పంపింది. యుస్తీనాతో సహా ఇంటింటి ఆడవాళ్ళూ దాని మీద వేలిముద్రలు వేసి జిల్లా ఆఫీసులో ఇచ్చారు. విచారణ రెండేళ్ళు నడిచింది. 2012 ఆగస్టులో అధికారులు అదే మ్యాప్ పట్టుకుని హద్దులన్నీ నడిచి చూసి, ఊరి భూమిని ఊరి పేర రాశారు. కంపెనీ కర్రలు పొయ్యిలోకి పోయాయి. ఆ కబురు చెప్పడానికి రోసా డ్యూటీ బట్టలతోనే వచ్చి, గుమ్మంలో ధనమ్మను పైకెత్తినంత పని చేసింది.

ఆ ఏడాది దీపావళికి, తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్ విందులో డాక్టర్ రాజగోపాల్‌గారి భార్య విద్య అడిగింది: "ఇప్పుడేం చేస్తున్నారు ధనమ్మగారూ?"

ధనమ్మ నోరు తెరిచేలోపే పక్క టేబుల్ నుంచి రాధాకృష్ణ లేచాడు. "మా ఆవిడ ఒక ఊరిని కాపాడిందండీ" అన్నాడు. చేతిలో పులిహోర ప్లేటుతోనే మొదలుపెట్టి, బొగ్గు దగ్గరికి వచ్చేసరికి ప్లేటు కింద పెట్టి, చేతులు చాపి ఎంత లోతో చూపించాడు. విద్య చివరిదాకా విని, "ఆ మ్యాప్ చూడొచ్చాండీ?" అంది. ఆ మరుసటి ఆదివారం పన్నెండు మంది వచ్చి చూశారు.

ఆ తర్వాత పక్క ఊళ్ళవాళ్ళూ మ్యాపులు అడిగారు. ధనమ్మ ఈసారి వెళ్ళలేదు. తన పాత లాప్‌టాప్, జీపీఎస్ థెరేసియాకు పంపి, ఛార్జింగుకు ఆమె శనివారాలు కరెంటున్న ఊరికి దిగితే, ఇక్కడ ఉదయం పూట రోసాను పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్‌లో పాఠం చెప్పింది. 2014 మేలో థెరేసియా తనంతట తాను కొలిచిన పొరుగూరి మ్యాప్ ఈమెయిల్‌లో వచ్చింది. రెండు ఊళ్ళకూ ఉమ్మడి హద్దయిన వాగు దగ్గర ఆ మ్యాపు ధనమ్మ మ్యాపుతో పదకొండు మీటర్లు తేడాగా ఉంది.

ధనమ్మ కళ్ళజోడు సర్దుకుని నాలుగేళ్ళ నాటి నోటుపుస్తకం తీసింది. ఆ చోట వెదురు మరీ దట్టంగా ఉందని, టేపు వేయకుండా జీపీఎస్ లెక్కనే నమ్మానని తన చేతిరాతే చెప్పింది. థెరేసియా మాత్రం నీళ్ళలో దిగి మూడుసార్లు టేపుతో కొలిచానని ఈమెయిల్‌లో రాసింది.

"ఏవండీ, ఇలా రండి!" ఆమె కేకకు రాధాకృష్ణ కంగారుగా మెట్లు దిగి వచ్చాడు.

"ఏమైంది ధనం?"

"నా మ్యాప్‌లో తప్పు పట్టిందండీ ఆ పిల్ల" అంది ధనమ్మ, ముఖమంతా నవ్వుతో. అని, కుర్చీ ముందుకు లాక్కుని తన గీతను సరిచేయడం మొదలుపెట్టింది.